సిమెంటు పూసిన పన్నెండేళ్ళు

పాత మట్టిగోడ గట్టిపడాలంటే ఏం చెయ్యాలి అని మన ఊళ్ళల్లో ఎవర్నడిగినా ఒకటే సమాధానం. "సిమెంటు కొట్టించండి సార్, ఇంక మీ పిల్లల కాలం దాకా చూస్కోనక్కర్లేదు." ఇంజనీరింగులో నేను చదివింది సివిలు, కడుపు నింపుతున్నది సాఫ్టువేరు (నా బ్యాచిలో సగం మంది జీవితచరిత్ర ఇదే వాక్యం). ఆ నాలుగేళ్ళ సిలబస్‌లో పచ్చి ఇటుక గురించి ఒక్క పేజీ కూడా ఉన్నట్టు గుర్తులేదు. కాంక్రీటు, ఉక్కు, మళ్ళీ కాంక్రీటు. కాబట్టి పైన చెప్పిన మేస్త్రీ సమాధానానికీ, డిగ్రీ ఉన్నవాళ్ళ సమాధానానికీ పెద్ద తేడా ఉండదు.

ఈ సమాధానాన్ని అక్షరాలా పాటించి, పన్నెండేళ్ళ తర్వాత గోళ్ళతో గీకినట్టు మొత్తం గీకి తీసేసిన ఒక చర్చి ఉంది. అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలో, టావొస్ పట్నానికి ఆనుకుని ఉన్న రాంచోస్ దె టావొస్ అనే చిన్న ఊళ్ళో. పేరు సాన్ ఫ్రాన్సిస్కో దె అసీస్. మన భాషలో చెప్పాలంటే అసిసి ఫ్రాన్సిస్ గారి గుడి.

ముందు చర్చి గురించి కొంచెం. ఊళ్ళో వాళ్ళు 1772 నాటిది అంటారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది 1810ల మధ్యలో, అంటే 1816 ప్రాంతంలో పూర్తయిందంటారు. ఏ లెక్కన చూసినా అప్పటికి అది స్పెయిన్ రాజ్యం. ఆ తర్వాత 1821లో మెక్సికో అయింది, 1848 ఒప్పందంతో అమెరికా అయింది. జెండా రెండుసార్లు మారినా గోడ మాత్రం అదే మట్టి. పొడవు సుమారు 120 అడుగులు, ముందు రెండు గంట గోపురాలు, శిలువ ఆకారంలో నేలపటం. గోడలు పచ్చి ఇటుకలు, వాటిని అక్కడ అడోబీ అంటారు. ఇటుకలు కాల్చరు, ఎండబెడతారంతే. వెనక వైపు గోడకి ఊతంగా పెద్ద పెద్ద మట్టి దిమ్మలు కట్టారు. మూలలన్నీ గుండ్రంగా, వరిగడ్డి వామికి మట్టి పూసినట్టు ఉంటాయి.

ఈ వెనక గోడే లోకప్రసిద్ధం. జార్జియా ఓకీఫ్ 1929, 30 ప్రాంతంలో దాన్ని మళ్ళీ మళ్ళీ బొమ్మలు వేసింది. ఆన్సెల్ ఆడమ్స్, పాల్ స్ట్రాండ్ ఫొటోలు తీశారు. మామూలుగా ఎవరైనా చర్చి ముందు నించుని ఫొటో తీసుకుంటారు, ఇక్కడ మాత్రం జనం కారు దిగి నేరుగా వెనక్కి నడుస్తారు.

ఆ చర్చిని నేను మార్చి నెలలో చూశాను. కొండల మీద మంచు ఇంకా కరగలేదు. గోడ దగ్గరకెళ్ళి చూస్తే మట్టిలో గడ్డిపరకలు బయటికొచ్చి ఎండకి మెరుస్తున్నాయి, పైనుంచి నీళ్ళు జారిన చారలు, అక్కడక్కడ సన్న బీటలు. పక్కనున్న ఒకాయన "ఎంత పాడుపెట్టేశారు" అని వాళ్ళావిడతో అనడం వినబడింది. పాడవలేదు సారూ. అది ఏడాది చివర గోడ. జూన్‌లో మళ్ళీ కొత్తదవుతుంది.

అదే ఈ కథలో అసలు విషయం. ఆ చర్చికి ఏటా జూన్ మొదట్లో, దాదాపు రెండు వారాలపాటు, విచారణలోని జనం అందరూ కలిసి (పారిష్‌ని మన క్యాథలిక్కులు విచారణ అంటారు) కొత్త మట్టి పూస్తారు. ఆ పనిని స్పానిష్‌లో ఎన్హారే అంటారు. మట్టి జల్లెడ పట్టేవాళ్ళు, గడ్డి కలిపేవాళ్ళు, తొక్కేవాళ్ళు (ఇప్పుడు చాలావరకు మిక్సర్లు), మోసేవాళ్ళు, పరంజా ఎక్కి చేత్తో పూసేవాళ్ళు, మధ్యాన్నానికి అందరికీ వండి పెట్టేవాళ్ళు. జూనే ఎందుకంటే అప్పటికి రాత్రుళ్ళు గడ్డకట్టే చలి పోతుంది, జులై, ఆగస్టుల్లో వచ్చే ఉరుముల వానలు ఇంకా మొదలవ్వవు. పూసిన మట్టి నెమ్మదిగా ఆరడానికి దొరికే సందు అదొక్కటే.

న్యూ మెక్సికోలో పాత ఆచారం ప్రకారం ఇటుకలు చెయ్యడం, గోడ కట్టడం మగవాళ్ళ పని, పూత ఆడవాళ్ళది. పూత పూసే ఆవిణ్ణి ఎన్హారదోరా అంటారు. ఇది చదివినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. మాది అనంతపురం వైపు. ఇల్లు అలకడం, పండక్కి ముందు గోడలకి ఎర్రమన్ను పూయడం మా అవ్వ పనే, మా తాత వేలు పెడితే ఒప్పుకునేది కాదు. ఇంకా దగ్గరి పోలిక ఏంటంటే, మా వైపు మట్టి మిద్దెలు. దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, పైన కసువు, ఆ పైన మందంగా మట్టి. వానాకాలం ముందు ప్రతి ఏడూ పైన చౌడు మన్ను వేసి మెత్తాలి. న్యూ మెక్సికో పాత చర్చిల కప్పులు కూడా అచ్చంగా ఇంతే. పెద్ద దుంగలు, వాటిమీద సన్న కర్రలు, పైన మట్టి, నీళ్ళు దూరంగా పడేట్టు చెక్క దోనెలు. ఎండ ఎక్కువ, కలప తక్కువ ఉన్నచోట మనిషి బుర్ర ఒకేలా పనిచేస్తుందనుకుంటా. "చౌడు ఎయ్యకుండా నువ్వు కూచుంటే మిద్దె నీమీద కూచుంటాది" అనేది అవ్వ.

సరే, 1967కి వద్దాం.

ఆ ఏడాది రాంచోస్ విచారణ వాళ్ళు ఏటా మట్టి పూసే బాధ ఇంక చాలనుకుని చర్చి మొత్తానికి గట్టి సిమెంటు పూత వేయించారు. దీన్ని మూర్ఖత్వం అని తీసిపారెయ్యడం చాలా తేలిక, కానీ అన్యాయం. అప్పటి పరిస్థితి చూడండి. ఆ ఊళ్ళు ఒకప్పుడు పొలాలు, గొర్రెల మీద బతికినవి. ఊరంతా ఊళ్ళోనే ఉండేది కాబట్టి రెండు వారాలు అందరూ కలిసి పని చెయ్యడం కుదిరేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారింది. 1943లో లాస్ ఆలమోస్ ప్రయోగశాల వచ్చింది, నెల జీతాలొచ్చాయి, కుర్రాళ్ళు అల్బుకర్కీకో, డెన్వరుకో, కాలిఫోర్నియాకో వెళ్ళిపోయారు. సెలవు పెట్టి మట్టి తొక్కడానికి ఎంతమంది వస్తారు? ఉన్నవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. అలాంటప్పుడు ఒక్కసారి డబ్బు ఖర్చుపెడితే ఇంక జన్మలో ముట్టుకోనక్కర్లేదు అని ఎవరైనా చెప్తే ఒప్పుకోనివాడెవడు? పైగా సిమెంటు అంటే అప్పటికి ఆధునికం, మట్టి అంటే బీదతనం. ఈ చిన్నచూపు కూడా కొత్తదేం కాదు. 1851లో శాంటా ఫే వచ్చిన ఫ్రెంచి బిషప్ లామీకి ఈ మట్టి చర్చిలు బొత్తిగా నచ్చలేదు. తన కెథీడ్రల్‌ని 1869 నుంచి రాతితో, ఫ్రాన్సు పద్ధతిలో కట్టించుకున్నాడు. గుడి అంటే రాయి, మట్టి అంటే పశువుల కొట్టం అనే భావం అక్కడివాళ్ళ మనసులో వందేళ్ళుగా నాటుకుపోయి ఉంది.

ఒక చమత్కారం ఏంటంటే, 1970లో అమెరికా ప్రభుత్వం ఈ చర్చిని జాతీయ చారిత్రక కట్టడంగా ప్రకటించింది. అంటే అడోబీ కట్టడానికి గొప్ప నమూనా అని బిరుదిచ్చే సమయానికి పైకి కనబడేదంతా సిమెంటే!

ఇప్పుడు గోడ లోపల ఏం జరిగిందో చూద్దాం. ఇక్కడ నా లోపలి సివిల్ ఇంజనీరు నిద్ర లేస్తాడు, భరించండి.

పచ్చి ఇటుక గోడ బరువు మొయ్యడంలో చాలా మొండిది, పొడిగా ఉన్నంతవరకూ. తడిస్తే మాత్రం దాని బలం దారుణంగా పడిపోతుంది. బాగా నానితే అది ఇటుక కాదు, బురద. కాబట్టి మట్టి కట్టడాన్ని కాపాడడం అంటే నీళ్ళు లోపలికి రాకుండా చూడడం మాత్రమే కాదు. ఎంత చేసినా కొంత చెమ్మ వస్తూనే ఉంటుంది. నేలలోంచి పైకి పాకుతుంది, కప్పు అంచులోంచి దిగుతుంది, మంచు గోడవారన పేరుకుని కరుగుతుంది. వచ్చిన చెమ్మ బయటికి పోవాలి. మట్టి పూత చేసే పని అదే. వాన పడితే పైపూత తడుస్తుంది, కాస్త కరుగుతుంది, ఎండ రాగానే ఆరిపోతుంది. లోపలి చెమ్మ కూడా దాన్లోంచే ఆవిరైపోతుంది. పైపూత తనని తాను అరగదీసుకుని లోపలి గోడని కాపాడుతుంది. ఏటా అరిగేది పూత, గోడ కాదు.

సిమెంటు వేస్తే ఈ లెక్కంతా తల్లకిందులవుతుంది. ఎండకీ చలికీ మట్టి ఒకలా సాగి ముడుచుకుంటుంది, సిమెంటు ఇంకోలా. అందుకని సిమెంటుకి సన్న బీటలు పడతాయి. టావొస్ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 7000 అడుగులు. పగలు కరిగిన మంచు బీటలోకి దిగి, రాత్రి గడ్డకట్టి, బీటని ఇంకొంచెం తెరుస్తుంది. నీళ్ళు లోపలికి పోవడానికి బీట చాలు, బయటికి ఆవిరై రావడానికి మాత్రం గోడంతా కావాలి. ఆ గోడంతా మూసేశారు. లోపలికి వెళ్ళిన నీళ్ళు సిమెంటుకీ మట్టికీ మధ్య జారుకుంటూ కిందికి దిగి గోడ మొదట్లో నిలుస్తాయి. బరువంతా మోసేది కూడా ఆ మొదలే. కొన్నిచోట్ల పునాది బలంగా ఉంటుందని గోడ చుట్టూ కాంక్రీటు గట్టు కూడా పోశారు, న్యూ మెక్సికోలో చాలా చర్చిలకి ఇది జరిగింది. దాంతో నేలలో చెమ్మకి పక్కకి పోయే దారి కూడా పోయి, అది గోడలోకే ఎక్కింది.

బయట నించుని చూసేవాడికి ఇవేవీ కనపడవు. గోడ నున్నగా, గట్టిగా, బ్రహ్మాండంగా ఉంటుంది. ప్రోగ్రామర్లకి ఒక్క ముక్కలో చెప్తాను. ఎర్రర్ వస్తే పట్టుకుని ఎవరికీ చెప్పకుండా మింగేసే ఖాళీ క్యాచ్ బ్లాకు ఉంటుంది చూశారా, 1967 సిమెంటు అదే. సిస్టమ్ అంతా పచ్చగా కనిపిస్తుంది, లోపల డేటా కుళ్ళిపోతుంటుంది.

ఇంకో సంగతి నాకు దీనికన్నా ముఖ్యంగా తోస్తుంది. అంతకుముందు ఏడాదికోసారి ఆ గోడలో ప్రతి అడుగునీ ఎవరో ఒకరు చేత్తో తడిమేవాళ్ళు. ఎక్కడ మెత్తబడింది, ఎక్కడ ఉబ్బింది, ఏ దోనె కింద గోడ కోసుకుపోయింది అన్నది ఎవరూ రిపోర్టు రాయకుండానే తెలిసిపోయేది. ఎన్హారే అంటే మరమ్మతే కాదు, తనిఖీ కూడా. సిమెంటు వేసిన రోజున మరమ్మతుతోపాటు తనిఖీ కూడా ఆగిపోయింది. పన్నెండేళ్ళపాటు ఆ గోడని ఫొటోలు తీసినవాళ్ళు వేలమంది ఉండి ఉంటారు, చేత్తో తాకి చూడాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

1979లో సిమెంటు పెంకు ఊడగొట్టారు. లోపల నీళ్ళు చేరి ఇటుకలు కరిగిపోయి ఉన్నాయి. చెడిపోయిన ఇటుకలు తీసి కొత్తవి పెట్టి, మళ్ళీ గడ్డి కలిపిన మట్టి పూశారు. అప్పట్నుంచీ ఏటా ఎన్హారే.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. 1967లో మట్టి పూయడానికి మనుషులు చాలడం లేదనే కదా సిమెంటు వేశారు. 1979కి మనుషులు పెరిగారా? లేదు. ఊరు అదే, ఉద్యోగాలు అవే, ముసలివాళ్ళు ఇంకా ముసలివాళ్ళయ్యారు. సిమెంటు పూస్తే గోడ పోతుంది అన్నది ఇంజనీరింగు సమస్య, దానికి జవాబు తేలికే. ఏటా రెండు వారాలు మనుషుల్ని ఎక్కణ్ణుంచి తేవాలి అన్నదే అసలు చిక్కు. దానికి వాళ్ళ దగ్గర పాత సరంజామా ఒకటి మిగిలుంది.

ఆ ప్రాంతపు విచారణల్లో మాయొర్‌దోమోలు అని ఉంటారు. ఏడాదికో, కొన్నేళ్ళకో గుడి బాగోగులు చూసే బాధ్యత కొన్ని కుటుంబాలకి, చాలాసార్లు భార్యాభర్తలకి కలిపి, అప్పగిస్తారు. తాళాలు, దీపాలు, ఊడ్పులు, పండగలు, మరమ్మతులు అన్నీ వాళ్ళ చేతిలో. ఇది జీతం లేని పని, కానీ పరువున్న పని. ఎన్హారేకి ఎవరు రావాలి, మట్టి ఏ గుంటలోంచి తేవాలి, వంట ఎవరిది అన్నది ఫాదర్‌గారు ఒక్కరే కూర్చుని తేల్చేది కాదు, ఈ కుటుంబాల చుట్టరికాల మీద నడుస్తుంది. అదే మాట, మాయొర్‌దోమో, వాళ్ళ కాలవల పెద్దకి కూడా వాడతారు. అక్కడ అసేకియాలని ఊరుమ్మడి సాగుకాలవలుంటాయి, వసంతంలో రైతులందరూ పారలు పట్టుకుని పూడిక తియ్యాలి, రాకపోతే మనిషిని పెట్టాలి లేదా డబ్బు కట్టాలి. గుడికి మట్టి పూసేదీ, కాలవలో మట్టి తీసేదీ అవే చేతులు, అదే అలవాటు.

మనకీ కుడిమరామత్తు ఉండేది. చెరువు, కాలవ పనులకి రైతులే ఇంటికో మనిషి చొప్పున రావడం. అది సడలిపోతుంటే 1858లో మద్రాసు ప్రభుత్వం ఏకంగా నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. రమ్మంటే వచ్చే జనాన్ని చట్టం పెట్టి రప్పించాల్సి వచ్చిందంటే అప్పటికే ఏదో తెగిపోయిందన్నమాట. రాంచోస్‌లో తెగలేదు, తెగబోయి ఆగింది. పైగా ఊళ్ళో చాలని చేతుల్ని వాళ్ళు బయటినుంచి కలుపుకున్నారు. విచారణకి సంబంధం లేనివాళ్ళు, క్యాథలిక్కులు కానివాళ్ళు, విద్యార్థులు, దూరపు ఊళ్ళనుంచి సెలవు పెట్టుకుని వచ్చేవాళ్ళు కూడా వచ్చి బురదలో దిగుతారు. ఓకీఫ్ బొమ్మలవల్ల వచ్చిన పేరు చివరికి ఇలా పనికొచ్చిందని నా అనుమానం.

అందరి కథా ఇంత బాగా ముగియలేదు. అక్కడికి దగ్గర్లోనే కొండల్లో పీకురీస్ అనే ఆదివాసీల ఊరుంది. వాళ్ళ సాన్ లోరెంజో చర్చి 18వ శతాబ్దంది. దానికీ 1960ల్లో సిమెంటు పూశారు. గోడలు లోపల్లోపల నానిపోయి, 1980ల చివరికి నిలబెట్టే వీలే లేకుండా పోయింది. అప్పుడా చిన్న ఊరు దాన్ని పడగొట్టి, అదే చోట, తాము చేత్తో చేసుకున్న పచ్చి ఇటుకలతో మొత్తం మళ్ళీ కట్టుకుంది. కొన్నేళ్ళు పట్టింది. ఆ పనిలో సాయపడిన సంస్థ 1986లో మొదలై తర్వాత కార్నర్‌స్టోన్స్ కమ్యూనిటీ పార్ట్‌నర్‌షిప్స్ అన్న పేరు పెట్టుకుంది. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. సాంకేతిక సలహా మేమిస్తాం, పని మాత్రం ఊరు చెయ్యాలి అంటారు. కాంట్రాక్టరుకి అప్పగిస్తే గోడ బాగవుతుంది గానీ, వచ్చే ఏడాది దాన్ని బాగుచెయ్యడం తెలిసినవాడు ఊళ్ళో తయారవ్వడు.

మట్టే దైవం, సిమెంటు దెయ్యం అని చెప్పడం నా ఉద్దేశం కాదని ఇక్కడ చెప్పుకోవాలి, లేకపోతే మిత్రులు ఊరుకోరు. భూకంపాలొచ్చే చోట మట్టి పూతతో సరిపోదు. కాలిఫోర్నియాలో సాన్ మిగెల్ మిషన్ చర్చి కూడా అడోబీయే. 2003 డిసెంబరు 22న వచ్చిన భూకంపానికి గోడలు దెబ్బతిని మూతపడి, 2009లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. అలాంటి కట్టడాల కోసం గెట్టీ సంస్థ 1990ల్లో చిన్న చిన్న అడోబీ నమూనాలు కట్టి, కదిలే బల్లల మీద పెట్టి ఊపి చూసింది. తేలిందేంటంటే, మందమైన మట్టిగోడ బీటలిచ్చినా వెంటనే కూలదు. బీటలిచ్చిన ముక్కలు ఒకదాని మీద ఒకటి నిలబడే ఉంటాయి, పక్కకి ఒరిగిపోనంతవరకు. కాబట్టి గోడని రాయిలా మార్చనక్కర్లేదు. పైన కప్పు దగ్గర కట్టి ఉంచితే, పట్టీలతోనో కడ్డీలతోనో విడిపోకుండా ఆపితే చాలా మటుకు సరిపోతుంది. ఇదీ బలపరచడమే, కానీ గోడ స్వభావం ఏంటో కనుక్కుని దానికి ఎంత సాయం కావాలో అంతే చెయ్యడం. 1967 పూతలో లోపించింది ఆ కనుక్కోవడమే.

ఇక రాంచోస్ గోడ విషయంలో పరిరక్షణ నిపుణులకి ఒక ఇబ్బంది ఉంటుందని నాకనిపిస్తుంది. పాత కట్టడాన్ని అసలు రూపంలో ఉంచాలి అన్నది వాళ్ళ మొదటి సూత్రం. మరి ఈ చర్చి అసలు రూపం ఏది? ఏటా వానకి కొంచెం అరుగుతుంది, ఏటా కొన్ని వందల చేతులు మళ్ళీ కొంచెం లావు చేస్తాయి. ఒకరి చెయ్యి బరువు, ఒకరిది తేలిక. 1930 నాటి ఫొటో పక్కన ఇప్పటి ఫొటో పెట్టి వెనక దిమ్మ అంచు వెంబడి వేలితో గీత గీసుకుంటూ పోతే రెండు గీతలూ కలవవు. ఓకీఫ్ గీసిన వంపు ఆ ఏడాది వంపు. దాన్ని పూసిన ఆడవాళ్ళ పేర్లు ఏ మ్యూజియం గోడ మీదా లేవు.